పుట్టింటికి పోయే కోడలి చేతిలో ఆ చీటీ ఉందా?

కిందటి చలికాలంలో మా తెలుగు సంఘం హాల్లో రక్తదాన శిబిరం పెట్టాం. ఏటా పెట్టేదే. రెండు వారాల తర్వాత, సాయంత్రం హాలుకు తాళం వేసే వేళకు, రక్తమిచ్చిన కుర్రాళ్లలో ఒకడు వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. టవళ్ల కార్ఖానాలో పని. బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చిందట, వెళితే చేతిలో చీటీ పెట్టి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకొమ్మన్నారట. "కాకా, నాకు పుండు లేదు, నొప్పి లేదు. మరి రక్తంల రోగమెట్ల దొరికింది?" అని అడిగాడు.

చీటీ మీద ఉన్నది సిఫిలిస్. దానం చేసిన ప్రతి సీసా రక్తానికీ హెచ్ఐవీ, రెండు రకాల కామెర్లు, మలేరియాతో పాటు ఈ పరీక్ష కూడా చేస్తారు. ఆ అబ్బాయి పుట్టింది షోలాపూర్‌లోనే, మరాఠీ మనందరి కంటే బాగా మాట్లాడతాడు. కానీ కౌన్సెలర్ చెప్పిన 'ఉపదంశ్' అన్న మాట వాడు జన్మలో వినలేదు. వింటే అర్థమయ్యే మరాఠీ మాట 'గరమీ'. దాన్ని మన ఇళ్లలో "ఒంట్లో వేడి చేసింది" అని తెలుగు చేసుకుని, సబ్జా గింజలు నానబెట్టి తాగుతాం. మన పాతవాళ్లకు సవాయి అంటే తెలుసు, కొరుకు అంటే తెలుసు, పరంగి రోగం అన్నా తెలుసు. పోర్చుగీసు వాళ్లతో వచ్చిందని ఆ పేరు. పదహారో శతాబ్దపు వైద్యుడు భావమిశ్రుడు దీన్ని ఫిరంగ రోగమనే రాశాడు. ఆ పేర్లు ఇప్పటి పిల్లలకు తెలియవు, కొత్త పేర్లు పెద్దవాళ్లకు తెలియవు. మూడు భాషల మధ్య జబ్బు పేరే లేకుండా పోయింది.

ఆ అబ్బాయి, వాళ్లావిడ ఇద్దరూ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆనవాళ్లు కొన్ని మార్చాను.

ఇది పాతకాలపు రోగం, పెన్సిలిన్‌తో పోయింది అని నేను కూడా అనుకునేవాణ్ని. పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో పెద్దవాళ్లలో కొత్తగా 71 లక్షల మందికి సోకితే, 2022లో అది 80 లక్షలకు చేరింది. ఆ ఏడాది 11 లక్షల మంది గర్భిణులకు ఈ జబ్బు ఉందని అంచనా. వాళ్ల కాన్పుల్లో 3 లక్షల 90 వేలకు పైగా చెడిపోయాయి. అంటే కడుపులోనే బిడ్డ పోవడం, పుట్టగానే పోవడం, నెలలు నిండకుండా పుట్టడం, జబ్బుతో పుట్టడం. అంత డబ్బున్న అమెరికాలోనే 2022లో 3,700కు పైగా పిల్లలు ఈ జబ్బుతో పుట్టారు, పదేళ్ల కిందటి కంటే పది రెట్లు. మన దేశంలో 2021లో మొదలైన జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం అయిదో దశ, తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ సోకకుండా చేయడం తన లక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకుంది. అందుకే గర్భిణి పేరు రాయించుకున్న మొదటి రోజే ఈ రెండు పరీక్షలూ చేయాలంటున్నారు. లక్ష్యం మంచిదే. మనలాంటి రెండు రాష్ట్రాల ఇళ్లలో అది ఎక్కడ జారిపోతుందో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు జబ్బు సంగతి. ఇది ట్రెపొనీమా అనే సన్నటి మెలికల సూక్ష్మజీవి వల్ల వస్తుంది. సోకిన మూడు వారాలకు, ఒక్కోసారి మూడు నెలలకు, మర్మాంగం మీదనో, నోట్లోనో, మలద్వారం దగ్గరనో ఒక పుండు లేస్తుంది. అంచులు గట్టిగా ఉంటాయి, నొప్పి ఉండదు. గజ్జల్లో బిళ్లలు కట్టవచ్చు. ఆడవాళ్లకు లోపల వస్తే కనిపించదు కూడా. మందు వేసినా వేయకపోయినా ఆ పుండు మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. మోసమంతా అక్కడే ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన మలాం పూసినవాడు మలాంతో తగ్గిందంటాడు, పసరు తాగినవాడు పసరుతో తగ్గిందంటాడు. రోగం మాత్రం రక్తంలోకి దిగి ఉంటుంది.

కొన్ని వారాలకు ఒంటి మీద దద్దు వస్తుంది. సాధారణంగా దురద ఉండదు. అరచేతుల్లో, అరికాళ్లలో రాగి రంగు మచ్చలు వస్తే దీన్ని తప్పకుండా అనుమానించాలి. మిగతా దద్దులు అక్కడ అంతగా రావు. చిన్న జ్వరం, గొంతు నొప్పి, జుట్టు అక్కడక్కడా పురుగు కొట్టినట్టు ఊడటం, నోట్లో తెల్లటి పొరలు కూడా రావచ్చు. ఇవీ వాటంతటవే పోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ ఉండదు, రక్తపరీక్షలో తప్ప. మందు పడకపోతే కొందరికి పది, ఇరవై, ముప్పై ఏళ్లకు గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం, మెదడు, నరాలు దెబ్బతింటాయి. చూపు, వినికిడి మాత్రం ఏ దశలోనైనా పోవచ్చు. అందుకని కన్ను మసకబారితే ఆగకూడదు.

మా కుర్రాడు ఉన్నది ఆ ఏమీ కనిపించని దశలో. వాళ్లావిడకు అప్పుడు అయిదో నెల. తెలంగాణ పిల్ల, పెళ్లై రెండేళ్లు, ఇంట్లో బీడీలు చుడుతుంది, మరాఠీ ఇంకా నోరు తిరగలేదు. వీధి చివర ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో చూపించుకుంటున్నారు. కార్డు తెప్పించి చూస్తే రక్తం శాతం, షుగరు రాసి ఉన్నాయి, ఈ పరీక్ష గడి మాత్రం ఖాళీ. ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసినవాణ్ని, ఖాళీ గడి చూస్తే నాకు నిద్ర పట్టదు. మర్నాడే ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్ష చేయించారు. ఆమెకూ ఉంది.

ఇక్కడ మన ఇళ్లు కూలిపోయే చోటు ఒకటుంది. మామూలుగా మొదట పరీక్ష జరిగేది గర్భిణికే, మగవాణ్ని ఎవరూ పిలిచి అడగరు. కాబట్టి జబ్బు ముందు ఆమె కాగితం మీదే బయటపడుతుంది, వెంటనే తెచ్చింది ఆమేనని అత్తగారు తేల్చేస్తుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ కాగితం చెప్పదు, చెప్పలేదు. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఒంట్లో ఉండే జబ్బు ఇది. పైగా వీడీఆర్ఎల్ అనే పరీక్ష ఒక్కటే చూసి జబ్బు ఖాయమనుకోకూడదు. గర్భం వల్లనే, మలేరియా వల్ల, కుష్ఠు వల్ల, కొన్ని కీళ్లవాతాల వల్ల, ముసలితనం వల్ల కూడా అది తప్పుగా పాజిటివ్ చూపవచ్చు. దాన్ని టీపీహెచ్ఏ అనే రెండో పరీక్షతో ఖాయం చేసుకోవాలి. 1:2 అని రాసిన ఒక్క చీటీ పట్టుకుని పెద్దమనుషుల ముందుకు వచ్చిన సంసారాన్ని నేను చూశాను. రెండో పరీక్షలో ఆమెకు ఏమీ లేదని తేలింది. ఈలోగా అనకూడని మాటలన్నీ అనేశారు.

చీటీ చదవడం కష్టమేమీ కాదు. వీడీఆర్ఎల్ పక్కన 1:8, 1:32 అని ఉంటుంది. రెండో అంకె పెద్దదైన కొద్దీ జబ్బు చురుగ్గా ఉందనుకోవచ్చు. మందు పడ్డాక అది నాలుగో వంతుకు దిగాలి, 1:32 ఉన్నది 1:8కో ఇంకా తక్కువకో రావాలి. దానికి నెలలు పడుతుంది, ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ చేయించాలి. టీపీహెచ్ఏ మాత్రం మందు వేయించుకుని నయమైనా చాలామందికి జన్మంతా పాజిటివ్‌గానే ఉంటుంది. గల్ఫ్‌కు పోయే మన పిల్లల మెడికల్‌లో ఈ పరీక్ష ఉంటుంది కాబట్టి, వైద్యం చేయించుకున్న కాగితాలు పారేయకూడదు.

వైద్యం చాలా చవక. బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, పిరుదుకు ఇంజెక్షన్. సోకి ఎక్కువ కాలం కాకపోతే ఒక్కసారి చాలు. ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. గర్భిణికి ఆ మూడింటి మధ్య గడువు తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయాల్సి రావచ్చు. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒక రోజులోపు చలి జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. అది సూక్ష్మజీవులు చావడం వల్ల వచ్చేది, మందు పడలేదని దానికర్థం కాదు. కానీ ఊపిరాడకపోవడం, ముఖం వాయడం వేరే సంగతి, అది పెన్సిలిన్ ఎలర్జీ. ఆ భయంతోనే కొందరు ప్రైవేటు డాక్టర్లు ఈ సూది వేయడానికి వెనకాడతారు. వేసే ఏర్పాట్లున్న ఆసుపత్రికి వెళ్లాలి. పడనివాళ్లకు డాక్సీసైక్లిన్ బిళ్లలు రెండు వారాలో నాలుగు వారాలో ఇస్తారు. గర్భిణికి మాత్రం బిళ్లలు పనికిరావు. ఎలర్జీ ఉన్నా ఆసుపత్రిలో పెట్టి, కొంచెం కొంచెంగా అలవాటు చేసి పెన్సిలినే ఇస్తారు, బిడ్డను కాపాడుతుందని రుజువైన మందు అదొక్కటే. భర్తకు వేయకుండా భార్యకు ఒక్కదానికే వేస్తే ఫలితం లేదు, మళ్లీ అతని నుంచి ఆమెకు వస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్షా క్లినిక్‌లలో పరీక్ష, మందు రెండూ ఉచితం.

ఇద్దరికీ మూడు వారాలు సూదులు పడ్డాయి. కథ అక్కడితో అయిపోలేదు. ఏడో నెలలో ఆమెను పురిటికి తీసుకుపోవడానికి పుట్టింటివాళ్లు వచ్చారు. షోలాపూర్‌లోనూ భివండీలోనూ ఉన్న మన పద్మశాలి ఇళ్లలో సగం కోడళ్లు తెలంగాణ వాళ్లే, తొలి కాన్పు అక్కడే. బ్రహ్మపుర కోడలు శ్రీకాకుళం పోతుంది, బళ్లారి కోడలు అనంతపురం పోతుంది. పరీక్ష ఒక రాష్ట్రంలో, కాన్పు ఇంకో రాష్ట్రంలో. తల్లికి ప్రసవానికి కనీసం 30 రోజుల ముందు పెన్సిలిన్ పడిందా లేదా అన్నదాన్ని బట్టి బిడ్డకు వైద్యం ఎలా చేయాలో డాక్టరు తేలుస్తాడు. ఆ తేదీ రాసి ఉన్న కార్డేమో మరాఠీలో ఉంది. అక్కడి నర్సమ్మ దాన్ని చదవలేదు, కోడలు సిగ్గుతో చెప్పదు. బిడ్డ చూడ్డానికి ఆరోగ్యంగానే పుట్టవచ్చు. ముక్కు కారడం, అరచేతుల్లో పొక్కులు, కామెర్లు వారాల తర్వాత బయటపడతాయి, అప్పటికి బాలింత ఇంట్లో ఉంటుంది.

రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఒకరి కాగితం ఒకరు చదివే ఏర్పాటు చేసుకోవాలి. సరిహద్దు జిల్లాల్లో తల్లీబిడ్డల కార్డు రెండు భాషల్లో వేయడం పెద్ద ఖర్చు కాదు. ఎన్నికల సమయంలో తెలుగులో కరపత్రాలు వేయగలిగినవాళ్లు దీన్నీ వేయగలరు. అర్జీ పెట్టాం, జవాబు వచ్చేదాకా పెడుతూనే ఉంటాం. అంతవరకు మేం చేస్తున్నది ఇంతే: డాక్టరు దగ్గర పరీక్ష తేదీ, అంకె, వేసిన మందు, ఎన్ని మోతాదులు, ఏ తేదీల్లో అన్నవి అయిదు వరుసల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించి, సంతకం పెట్టించి, కవరులో అతికించి ఇస్తున్నాం. దాన్ని తెరిచేది కాన్పు చేసే డాక్టరే, అత్తగారూ కాదు, తల్లిగారూ కాదు.

ఆ అమ్మాయి కవరు తీసుకునే వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. అక్కడి డాక్టరు కాగితం చూసి బిడ్డకూ తల్లికీ రక్తపరీక్ష చేయించి, మూడు నెలలకు మళ్లీ తీసుకురమ్మన్నాడు. తండ్రికి ఆరు నెలల పరీక్షలో 1:16 నుంచి 1:4కు దిగింది.

ఆ కవరులో పెట్టే ఖాళీ కాగితాలు సంఘం ఆఫీసులో గుమ్మం పక్కన బల్ల మీద ఉంటాయి. ఎవరూ పేరు అడగరు, రిజిస్టరులో రాయించరు. మా ఊరు రాలేనివాళ్లు 1097కు ఫోన్ చేసి దగ్గర్లో ఏ క్లినిక్ ఉందో అడగవచ్చు, డబ్బులు పడవు. ఈసారి శిబిరం రోజు ఒక లేడీ డాక్టరును కూడా కూర్చోబెడుతున్నాం, ఆడవాళ్లకు వెనక గదిలో.