పేరులేని పురుగుకు పెద్దదిక్కెవరు?

వరిపైరునకు తాటాకు తెగులు దెచ్చు హిస్పాను, గుమ్మడి లేతాకులను తూట్లు పొడుచు ఎఱ్ఱని పెంకుపురుగును ఎఱుగని రైతు మన సీమలో అరుదు. ఈ రెండును క్రిసోమెలిడే యను ఆకుపెంకుపురుగుల కుటుంబములోనివి. ఆ కుటుంబమున ఇప్పటికి వర్ణింపబడిన జాతులు 35,000కు పైబడియున్నవి. పంటను పాడుచేయునవి వానిలో స్వల్పభాగమే. ఆ స్వల్పభాగమునకే నిపుణులును, నిధులును దక్కుచున్నవి. తక్కినవాని మాట అడుగువా డుండడు.

క్లావికోర్నాల్టికా యను ప్రజాతినే చూడుడు. సింహళద్వీపమున లభించిన నమూనాల ఆధారముగా 1974లో కీటకశాస్త్రజ్ఞుడు గెర్హార్డ్ షేరర్ దీనిని స్థాపించెను. ఉష్ణమండలారణ్యములలో తేమగల రాలుటాకుల నడుమ జీవించు ఈ పురుగు ఆవగింజకంటెను చిన్నది, గుండ్రనిది. ఆకుపెంకుపురుగుల మీసములు సాధారణముగా దారమువలె సన్ననై యుండగా, దీని మీసముల కొనలు గదవలె ఉబ్బియుండును. కావున అలవాటులేని కన్ను దీనిని బూజుదిను పురుగుల కుటుంబములలో చేర్చి, అంతటితో మఱచిపోవుటకు ఎంతయు అవకాశము కలదు. దీని నిజమైన బంధుత్వమును బయటపెట్టునది వెనుక తొడ. ఆకుపెంకుపురుగులలో ఇది చేరిన తెగయగు గెంతెడు పెంకుపురుగుల బలిసిన తొడలో చుట్టుకొనిన యొక గట్టి స్ప్రింగు వంటి అవయవము కలదు. దానిని 1929లో విశదముగా వర్ణించినవాడు కీటకశాస్త్రజ్ఞుడు సమరేంద్ర మౌలిక్. నేటికిని శాస్త్రజ్ఞులు దానిని మౌలిక్ అవయవ మనియే వ్యవహరింతురు. బ్రిటిషిండియా జంతుజాల గ్రంథమాలలో ఆయన 1926లో వెలువరించిన సంపుటము, దాదాపు శతాబ్దము గడచినను, ఈ విద్య నభ్యసించువారు మొదట తెఱచు పుస్తకములలో నొకటి.

అయినను ప్రజాతిని గుర్తించుటతో పని ముగియదు. రాలుటాకులను జల్లించి, పురుగును వేఱుచేసి, క్షారద్రవములో మాంసమును కరగించి, మగదాని జననేంద్రియమును, ఆడుదాని వీర్యాశయమును సూక్ష్మదర్శినిక్రింద చిత్రించి, పిదప లండను, పారిసు వంటి నగరముల మ్యూజియములలోని మూలనమూనాలతో సరిపోల్చినగాని ఇది క్రొత్తజాతి యని నిశ్చయించుటకు వీలులేదు. జన్యుసంకేతపరీక్ష ఇందు మిక్కిలి తోడ్పడును. కాని ఆ సంకేతమును పోల్చుటకు సరిగా పేరుపెట్టబడిన నమూనా ముందే ఉండవలెను గదా! ఆ పేరు పెట్టువాడు మనుష్యుడు, ఏండ్లతరబడి కన్నును మనస్సును సానబట్టుకొన్నవాడు.

ఇట్టివానిని మన విద్యాసంస్థలు ఆదరించుట లేదని నా దృఢాభిప్రాయము. ఎన్ని వ్యాసములు తన వ్యాసమును ఉదహరించెనో అను లెక్కతో పండితుని తూచునపుడు, పదిమందికి మాత్రమే అక్కఱపడు ప్రజాతివర్ణనము తేలిపోక యేమగును? దీనికి తోడు నమూనాలను దేశములమధ్య పంపుకొనుటకు చట్టముల చిక్కు లెక్కువైనవి. జీవవైవిధ్య ఒప్పందము పేరిట అమలగుచున్న నిబంధనలు పరిశోధననే కుంటుపఱచుచున్నవని 2018లో సైన్స్ పత్రికలో, గెంతెడు పెంకుపురుగుల వర్గీకరణలో ఆరితేరిన ప్రతాపన్ ప్రభృతులు ఎలుగెత్తి చెప్పిరి. జీవసంపదను దోపిడినుండి కాచుట న్యాయమే. కాని మీసములు లెక్కించువానిని, ఔషధమునకై మొక్కను దొంగిలించువానిని ఒక్కతీరున చూచుట న్యాయము కాదు.

బ్రునైలోని బెలలాంగ్ అడవిలో శాస్త్రజ్ఞులతో పాటు శాస్త్రేతరులును పాల్గొన్న యాత్రలో క్లావికోర్నాల్టికా ప్రజాతికే చెందిన బెలలాంగెన్సిస్ అను జాతిని కనుగొని 2019లో ప్రకటించిరి. ఉత్సాహవంతులకు కొదువలేదనుట కిది నిదర్శనము. వారి చేతికి దొరకినదాని నిజానిజములు తేల్చు నిపుణుడు ప్రక్కన నుండుటచేతనే ఆ పని ఫలించినది. పాపికొండలలోని రాలుటాకులను జల్లింప మన పిల్లలును ముందుకు వత్తురు. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములు కీటకవర్గీకరణమునకై చెరియొక స్థిరోద్యోగమునైనను ఏర్పఱచి, నమూనాలను బూజు పట్టకుండ భద్రపఱచు గదిని, మంచి సూక్ష్మదర్శినిని ఇచ్చి, ఫలితములకై మూడేండ్లకే తొందరపెట్టక, కనీసము పదేండ్లు ఆ యుద్యోగిని తన పని తాను చేసికొననీయవలెను.