‘ఇంటి గొడవ’ అన్నది ఎవరి మాట?

కార్తీక అమావాస్యకు కారంపూడిలో వీరారాధన మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఐదు రోజులు, ఐదు ఘట్టాలు. వీరుల కొణతాలు పట్టుకుని ఆచారవంతులు నాగులేటి ఒడ్డుకు వస్తారు. పరిశోధన కోసం వెళ్లడం మొదలుపెట్టిన నేను ఇప్పుడు అలవాటు కొద్దీ వెళ్తున్నాను.

అలా వెళ్లిన ఒకసారి, పక్కన కూర్చున్న ఒక పెద్దాయనతో మాట ఉక్రెయిన్ యుద్ధం మీదికి మళ్లింది. “అన్నదమ్ముల తగవమ్మా, మధ్యలో మనమెవరం? పైగా ఆ చిన్నవాడు కాస్త తగ్గి ఉండొచ్చుగా” అన్నారాయన.

ఈ మాట ఎక్కడో విన్నాననిపించింది. అంతకు రెండు వారాల ముందు, చెయ్యి విరిగిన ఒక స్త్రీని వెంటబెట్టుకుని ఒక పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. అక్కడ కుర్చీలో ఉన్నాయన అన్నదీ ఇదే. “మొగుడూ పెళ్లాల గొడవలో మీరెందుకమ్మా? ఈవిడ కాస్త సర్దుకుపోవచ్చుగా.”

ఒకరు దేశం గురించి, మరొకరు సంసారం గురించి మాట్లాడారు. తర్కం మాత్రం ఒక్కటే. ముందు ఇద్దరినీ ఒకే ఇంటివాళ్లను చెయ్యడం, తర్వాత ఆ ఇంటి తలుపు వేసెయ్యడం. తలుపు వేశాక లోపల ఎవరి మాట చెల్లుతుందో మనకు తెలియంది కాదు.

2021 జూలైలో పుతిన్ ఒక పెద్ద వ్యాసం రాశాడు. రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే ప్రజ అన్నది దాని సారాంశం. 2022 ఫిబ్రవరి 24న ఆ ‘ఒకే ప్రజ’ మీదికి ట్యాంకులు నడిచాయి. ఇదే ఉక్రెయిన్ 1994లో బుడాపెస్ట్‌లో, తన సరిహద్దుల్ని గౌరవిస్తామని రష్యా, అమెరికా, బ్రిటన్ ఇచ్చిన హామీని నమ్మి అణ్వాయుధాలు వదులుకుంది. హామీ ఇచ్చిన చెయ్యే 2014లో క్రిమియాను కలిపేసుకుంది. పిల్లల్ని ఆక్రమిత ప్రాంతాల నుంచి అక్రమంగా రష్యాకు తరలించారన్న ఆరోపణపై అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2023 మార్చి 17న పుతిన్ మీద అరెస్టు వారంట్ ఇచ్చింది. మాటిచ్చి నమ్మించడం, కొట్టడం, ఇల్లు లాక్కోవడం, పిల్లల్ని ఎత్తుకుపోవడం. మన కౌన్సెలింగ్ కేంద్రాలకు వచ్చే స్త్రీలకు ఈ వరస ఎవరూ వివరించనక్కర్లేదు.

పల్నాటి కథనూ మనం ఇలాగే మళ్లీ చదవాలి. 12వ శతాబ్దం చివర్లో జరిగిన ఆ పోరులో గురజాల పెద్దది, మాచర్ల అందులోంచి విడిపోయిన చిన్నది. కోడిపందెంలో ఓడిన మాచర్లవాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలిపోయారు. గడువు తీరాక వాటా అడిగితే గురజాల ఇవ్వలేదు. రాయబారానికి వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. అతని భార్య పేరమ్మ నలగామరాజు కూతురే. ఆమె కూడా భర్త వెంటే ప్రాణం విడిచిందని కథ. ‘ఒకే రక్తం’ అన్న మాట ఆ కూతురిని కాపాడిందా?

ఇంత జరిగితే నింద ఎవరి మీద పడింది? సింహాసనం మీద ఉన్నవాడు నలగామరాజు. వాటా ఇవ్వనన్నవాడూ అతనే. తిట్టు మాత్రం నాయకురాలు నాగమ్మకు. 1947లో కన్నాంబ, 1966లో భానుమతి ఆ పాత్ర వేసిన సినిమాలు చూసి పెరిగిన తరాలకు పల్నాటి యుద్ధమంటే నాగమ్మ పన్నాగమే. మంత్రాంగం నడిపిన మగవాడు రాజనీతిజ్ఞుడు, నడిపిన ఆడది కుట్రదారు. నాగమ్మ చేతులకు రక్తం అంటలేదని నేననను. అధికారంలో ఉన్న స్త్రీ కూడా యుద్ధం చెయ్యగలదు. కానీ రాజు తప్పు మంత్రి మీదికి, మంత్రి తప్పు ఆమె ఆడతనం మీదికి నెట్టడం చరిత్ర కాదు, పితృస్వామ్యం.

చాపకూడు పెట్టి కులాల్ని ఒక్క పంక్తిలో కూర్చోబెట్టిన బ్రహ్మనాయుణ్ణీ, దళితుడైన కన్నమదాసు సేనానిగా నిలిచిన సంగతినీ నేను మరవలేదు. ఆ స్మృతి ఈ నేలకు గర్వకారణమే. అయితే ఆ పంక్తిలో కూర్చున్నవాళ్లు కూడా కారంపూడిలోనే నేలకొరిగారు. ఆ యుద్ధంతో వెలనాటి చోడుల బలం కుంగి, కాకతీయులు తీరందాకా వచ్చారని చరిత్రకారులు రాశారు. లాభం మూడోవాడిది, వైధవ్యం రెండు ఊళ్లది.

“మరి నాటో విస్తరణ సంగతేమిటి?” అని మిత్రులు అడుగుతారు. అడగాల్సిందే. 2003లో అమెరికా ఇరాక్ మీద పడినప్పుడు మనం వీధుల్లోకి వచ్చాం. సద్దాం మంచివాడని కాదు, దాడి దాడే కాబట్టి. 1987లో శాంతి పేరుతో శ్రీలంక వెళ్లిన మన సైన్యం 1990లో తిరిగొచ్చేసరికి వెయ్యిమందికి పైగా జవాన్లు చనిపోయారు. అక్కడి తమిళ స్త్రీలపై అత్యాచారాలు జరిగాయన్న ఆరోపణలూ వచ్చాయి. అంటే పెద్దన్న వేషం మనకూ కొత్త కాదు. కొలబద్ద అందరికీ ఒక్కటే ఉండాలి. భర్తకు బయట ఎన్ని శత్రుత్వాలైనా ఉండొచ్చు. భార్య చెయ్యి విరగ్గొట్టడానికి అవి కారణం కావు.

2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో 141 దేశాలు ఈ దాడిని ఖండించాయి. 5 వ్యతిరేకించాయి. 35 తటస్థంగా ఉండిపోయాయి. ఆ 35లో మన దేశం ఒకటి. అప్పుడు మన తెలుగు పిల్లలు కూడా అక్కడి బంకర్లలో ఉన్నారు, వాళ్లను తెచ్చుకోవాలి కాబట్టి ఆ మౌనాన్ని అర్థం చేసుకుందాం. పిల్లలు ఇళ్లకు చేరిన ఏడాదికి, 2023 ఫిబ్రవరిలో మళ్లీ ఓటు వచ్చినప్పుడూ అదే తటస్థత. దీన్నేమని అర్థం చేసుకోవాలి? కొట్టేవాడికీ దెబ్బలు తినేవాళ్లకీ మధ్య తటస్థంగా నిలబడడమంటే కొట్టేవాడికి చోటివ్వడమే.

1983లో 498-ఎ సెక్షన్, 2005లో గృహహింస చట్టం ఊరికే రాలేదు. గడప లోపలి దెబ్బ కూడా నేరమేనని ఒప్పించడానికి స్త్రీలు దశాబ్దాలు పోరాడారు. అంత కష్టపడి తెరిచిన తలుపును దేశాల విషయంలో మనమే మూసేస్తామా?

ఆ పెద్దాయనకు ఆరోజు నేను చెప్పింది ఒక్కటే. “మాస్టారూ, తగ్గి ఉండమని మీరు చిన్నవాడికి చెబుతున్నారు. పెద్దవాణ్ణి ఆగమని ఎవరు చెప్పాలి?” ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత వీరుల గుడి వైపు చూసి, “అప్పుడూ ఎవరూ చెప్పలేదమ్మా” అన్నారు.

ఇప్పుడు మనం చెప్పాలి. మన సభల్లో, తీర్మానాల్లో, పేరుపెట్టి చెప్పాలి.