ఐదొందల వరహాల వీసా

గుడివాడ, అవనిగడ్డ వైపు పెళ్లిళ్లలోనూ వనభోజనాల్లోనూ పెద్దవాళ్ల కబుర్లు చాలాకాలంగా ఒకే దారిలో నడిచేవి. పిల్లలు ఏ ఊళ్లో ఉన్నారు, గ్రీన్‌కార్డు వచ్చిందా, ఈసారి ఆరు నెలలూ ఉండి వస్తారా, చలికి భయపడి ముందే వచ్చేస్తారా? ఈమధ్య వాటిలో ఒక కొత్త మాట చేరింది. థాయిలాండులో డబ్బు కట్టి కార్డు తీసుకుంటే ఐదేళ్లో పదేళ్లో ఉండనిస్తారట. దుబాయిలో అయితే గోల్డెన్ వీసా అట. ఇంకాస్త ఉన్నవాళ్లు ట్రంపు పెట్టిన గోల్డ్ కార్డు సంగతి ఎత్తుతారు. ‘‘క్లబ్బులో మెంబర్‌షిప్పు లాంటిదే బావా, క్లబ్బు బదులు దేశం, అంతే తేడా’’ అంటారు ఎవరో. అందరూ నవ్వుతారు. ఆ నవ్వులోనే ఒకరిద్దరు ఫోను తీసి, బాత్ అంటే ఎన్ని రూపాయలో చూసుకుంటారు.

థాయిలాండు విషయంలో ఆ క్లబ్బు మాట అక్షరాలా నిజం. అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థకు చెందిన కంపెనీ ఒకటి 2003 నుంచి ఈ కార్డులు అమ్ముతోంది. మొదట్లో 10 లక్షల బాత్‌లు కడితే జీవితాంతం అన్నారు. 2023 అక్టోబరులో పథకానికి ‘థాయిలాండ్ ప్రివిలేజ్’ అని పేరు మార్చి గోల్డ్, ప్లాటినం, డైమండ్ అంటూ మెట్లు కట్టారు. గోల్డ్‌కు 9 లక్షల బాత్‌లు, గడువు 5 ఏళ్లు. ప్లాటినానికి 15 లక్షలు, 10 ఏళ్లు. డైమండ్‌కు 25 లక్షలు, 15 ఏళ్లు. ఈ మూడింటిలో చిన్నదైన గోల్డ్ కూడా మన లెక్కలో 25 లక్షల రూపాయలకు కాస్త అటూ ఇటూ. దానికి విమానాశ్రయంలో ఎదురొచ్చి తీసుకెళ్లే మనిషి ఉంటాడు, ఇమ్మిగ్రేషన్ దగ్గర పొడుగు క్యూ తప్పుతుంది. మర్యాదకు లోటేమీ లేదు.

లేనివేమిటో బ్రోషరులో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ కార్డు మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. 90 రోజులకోసారి ఎక్కడ ఉంటున్నదీ ఇమ్మిగ్రేషన్ వారికి తెలియజేస్తూ ఉండాలి. ఎన్నేళ్లున్నా పౌరసత్వానికి అది దారి కాదు. కట్టిన సొమ్ము వెనక్కి రాదు. విదేశీయుడు అక్కడ అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనుక్కోవచ్చు గానీ, అదీ మొత్తం భవనంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకుండా ఉంటేనే. నేల మాత్రం మామూలుగా సెంటు కూడా తన పేరిట పెట్టుకోలేడు. ఎకరాల్లోనే మనిషిని కొలిచే మన డెల్టాలో ఈ ఒక్క ముక్క ముందుగా చెబితే సగం మంది ఫోన్లు జేబులో పెట్టేస్తారనిపిస్తుంది.

డబ్బు తీసుకుని పరాయివాళ్లను ఉండనిచ్చే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. ఒకప్పుడు అలాంటి కార్డు అమ్మిన చోటు మన బందరే. 1606లో గోల్కొండ సుల్తాను నుంచి నూటికి నాలుగు సుంకం మీద డచ్చివారు బందరులో వర్తకానికి అనుమతి పొందారు. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లీషు కంపెనీవాళ్లు దిగారు. మన కోస్తా అద్దకం బట్టలు కొని నింపుకున్న ఆ ఓడే మరుసటేడు పటానీ మీదుగా సయాం చేరింది. అంటే నేటి థాయిలాండు. అక్కడి రాజాస్థానం తమకు కావలసిన నమూనాలు పంపించి మరీ మన తీరంలో బట్టలు వేయించుకునేది. చిరివేరుతో అద్దిన ఎరుపు అంటే వాళ్లకంత మోజు. బందరు నుంచి తెనాసరిం, మెర్గుయ్ రేవులకు పోయే ఓడల్లో గోల్కొండ ముస్లిం వర్తకులు, పారశీకులు వెళ్లి సయాంలో పెద్ద పెద్ద కొలువుల్లోనే కుదురుకున్నారు. వాళ్లలో ఎవరూ గోల్డు కార్డు కొని వెళ్లినవాళ్లు కారు, పనికొచ్చేవాళ్లని పిలిచి పెట్టుకున్నారు.

బందరులో ఇంగ్లీషువాళ్ల కాపురం అంత సాఫీగా సాగలేదు. రేవును ఇజారాకు తీసుకున్న హవల్దారుకు తన పెట్టుబడి రాబట్టుకునే తొందర. కానుకలు, లంచాలు, కొత్త కొత్త పన్నులు. విసిగిపోయి 1628లో వాళ్లు మూటాముల్లె సర్దుకుని దక్షిణాన ఆర్మగావ్‌కు వెళ్లిపోయారు, రెండేళ్లకు మళ్లీ తిరిగొచ్చారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వాళ్లకిచ్చిన పత్రాన్నే ‘బంగారు ఫర్మానా’ అంటారు. ఏడాదికి 500 వరహాలు కట్టండి, గోల్కొండ రేవులన్నిటిలో స్వేచ్ఛగా వర్తకం చేసుకోండి, మా అధికారులు మిమ్మల్ని పీడించరు అన్నది దాని సారాంశం. పేరులో బంగారం, ఏడాది చందా, అధికారుల బెడద ఉండదన్న హామీ. బ్యాంకాక్ కంపెనీ బ్రోషరులో ఇంతకు మించి ఏముంది?

ఇంకా వెనక్కి వెళితే మోటుపల్లి శాసనం కనిపిస్తుంది. 1244 నాటిది. తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాక్కునే రోజులవి. కాకతీయ గణపతిదేవుడు ఆ అన్యాయం మాన్పించి, ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాయి మీద చెక్కించాడు. సముద్రం మీద వచ్చేవాడికి కావలసింది తక్కువ ధర కాదు, రేపు మారని ధర. గణపతిదేవుడికి ఆ సంగతి తెలుసు. అందుకే తాటాకు మీద కాక రాయి మీద రాయించాడు.

కానీ రాయి మీద రాసినా బంగారు ఫర్మానా అన్నా చివరికి అది ఒక ప్రభువు మాటే. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను నమ్మారు గానీ దాని మీదే ఆధారపడలేదు. పదేళ్లు తిరగకుండానే మద్రాసులో కోట కట్టుకోవడం మొదలుపెట్టారు. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. ఫర్మానా ఇచ్చిన వంశమే లేకుండా పోయింది. 1759లో ఇంగ్లీషు సైన్యం ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి బందరు కోట పట్టుకుంది. చందా కట్టి ఉన్నవాళ్లు ఇంటి యజమానులైపోయిన కథ ఆ తర్వాతిది. అది వేరే సంగతి. బందరులో డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. నల్లరాతి పలకల మీద కుటుంబ చిహ్నాలు, లోతుగా చెక్కిన అక్షరాలు, వర్షానికీ ఉప్పు గాలికీ మొరటుబారిన అంచులు. ఫర్మానా గడువుతో నిమిత్తం లేకుండా ఇక్కడ ఉండిపోయినవాళ్లు వాళ్లే.

డబ్బుతో కొనేది దేశాన్ని కాదు, ఆ దేశం ఏలేవాళ్లు ఇచ్చే మాటను. మాట ఇచ్చినవాళ్లే దాన్ని మారుస్తారు కూడా. థాయిలాండు కార్డు 2003లో ఒక ధర, 2023లో మరొకటి. అమెరికాలో పెట్టుబడి పెట్టి గ్రీన్‌కార్డు పొందే ఈబీ-5 పథకం 5 లక్షల డాలర్లతో మనవాళ్లలో పేరు తెచ్చుకుంది, 2022 చట్టంతో కనీసం 8 లక్షలైంది. 2025 సెప్టెంబరు 19న ఒకే రోజు రెండు కాగితాల మీద సంతకాలయ్యాయి. 10 లక్షల డాలర్లు ఇస్తే గోల్డ్ కార్డు అని ఒకటి చెప్పింది. మన పిల్లల్లాంటివాళ్లను కొత్తగా హెచ్1బీ మీద పిలిపించుకోవాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలని రెండోది చెప్పింది. పామర్రు నుంచి పెడన దాకా ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో ఫోన్లు మోగాయో చెప్పనక్కర్లేదు.

మన ప్రభుత్వమూ ఈ వ్యాపారం చేసింది. 1999లో భారత సంతతివారికి పీఐఓ కార్డు తెచ్చినప్పుడు దాని ధర వెయ్యి డాలర్లు, గడువు 20 ఏళ్లు. తాతగారి ఊరికి రావడానికి వెయ్యి డాలర్లేమిటని కొనేవాళ్లు పెద్దగా రాలేదు. 2002లో 310 డాలర్లకు దించి గడువు 15 ఏళ్లు చేశారు. 2015లో ఆ పథకమే ఎత్తేసి ఓసీఐలో కలిపారు. ఈ ఓసీఐ జీవితకాలపు వీసా. అయినా అది చేతిలో ఉన్న డాలస్ మనవడు ఘంటసాల దగ్గర అరెకరం మాగాణి కొనాలంటే చట్టం ఒప్పుకోదు. తాత నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. థాయిలాండు మనకు నేల ఇవ్వనంటే నొచ్చుకుంటున్నాం గానీ, మన పిల్లల పిల్లలకు మనమూ అదే మాట చెబుతున్నాం. దానికి కారణాలు లేకపోలేదు. సాగుభూమి డాలర్ల ధరకు పోతే కౌలురైతు గతేమిటన్న భయం అబద్ధం కాదు.

ఉండటానికి హక్కు మరో దారిలో సంపాదించుకున్నవాళ్లూ ఉన్నారు. మలయా రబ్బరు తోటలకు కోస్తా జిల్లాల నుంచి కూలికి పోయిన తెలుగువాళ్ల దగ్గర కార్డులు లేవు, డిపాజిట్లు లేవు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. వాళ్ల మనవలు ఈరోజు ఆ దేశ పౌరులు. అదే మలేషియా 2002 నుంచి డబ్బున్న విదేశీయులకు ‘మై సెకండ్ హోమ్’ పథకం నడుపుతోంది. 2024లో మార్చిన నిబంధనల ప్రకారం, మామూలు అంచెల్లో అన్నిటికన్నా కింది దానికి లక్షన్నర డాలర్ల డిపాజిట్, పైగా ఇల్లు కొనాలి. గడువు 5 ఏళ్లు. అంత దూరమెందుకు, మన దివిసీమనే చూడండి. 1977 నవంబరు 19న ఉప్పెన ఊళ్లకు ఊళ్లను ఊడ్చుకుపోయాక, మిగిలినవాళ్లు వదిలిపోవడానికి కావలసినన్ని కారణాలున్నాయి. నాగాయలంక, కోడూరు వైపు చాలామంది పోలేదు. ఉప్పుదేరిన చేలను కడిగి మళ్లీ నాట్లు వేశారు.

ఇదంతా వెళ్లేవాళ్లను వద్దనడానికి కాదు. ఊళ్లో మూడంతస్తుల ఇల్లు, కింద తాళం, మీద గదిలో ఇద్దరు. అమెరికాలో ఆరు నెలలైతే పగలంతా కిటికీ దగ్గర కూర్చోవడం. మధ్యలో వెచ్చగా ఉండే ఒక దేశం, మంచి ఆసుపత్రులు, పిల్లలు వచ్చి కలుసుకోగలిగిన చోటు కావాలనుకోవడంలో తప్పేముంది? కష్టపడి దాచుకున్న సొమ్ము వాళ్ల ఇష్టం. కాకపోతే లెక్క మాత్రం పూర్తిగా వేసుకోవాలి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. చదువు, వైద్యం, టూరు ప్యాకేజీ లాంటివి కాని వాటికి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. 25 లక్షలు పంపితే 3 లక్షలు అక్కడే ఆగుతాయి. రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతాయి గానీ, ఆ రోజుకు చేతిలో ఉండాలి. అక్కడ ఆసుపత్రిలో చేరితే ఖర్చు ఎవరిది వాళ్లదే, బీమా వేరే తీసుకోవాలి.

ఏజెంటు చెప్పేది మరోరకంగా ఉంటుంది. 2025 జులైలో లక్ష దిర్హాములకే, అంటే సుమారు 23 లక్షల రూపాయలకే, భారతీయులకు దుబాయిలో జీవితకాలపు గోల్డెన్ వీసా అని దేశమంతా వార్త గుప్పుమంది. కొద్ది రోజుల్లోనే అటువంటిదేమీ లేదని యూఏఈ అధికారులు ప్రకటించారు. అక్కడ ఆస్తి మీద ఇచ్చే పదేళ్ల వీసాకు 20 లక్షల దిర్హాముల ఆస్తి ఉండాలి. ఆ కొద్ది రోజుల్లో అడ్వాన్సులు కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు తిప్పలే.

అందుకే ఒక్క మాట. బ్యాంకులో విదేశానికి డబ్బు పంపే ఎ2 ఫారం మీద సంతకం పెట్టే ముందు, ఆ దేశపు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉన్న షరతులు మొదటి నుంచి చివరి దాకా ఇంట్లో ఇద్దరూ కూర్చుని చదవండి. ఇంగ్లీషు కష్టమైతే పిల్లల చేతో, ఊళ్లో ఉన్న ఆడిటరు చేతో చదివించుకోండి. కార్డు అమ్మడానికి వచ్చినవాడి చేత మాత్రం చదివించుకోకండి.