యజమాని లేని తల్లికి సెలవెవరిస్తారు?

కేంద్ర ప్రభుత్వ సర్వేల ప్రకారం మహిళల శ్రామిక భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. పాలకులు దీన్నే మహిళాభివృద్ధి అంటున్నారు. ఆ పనికి దక్కుతున్న హక్కులేమిటని మనం అడగాలి.

గడప దాటడమే విముక్తి అని అగ్రకుల స్త్రీవాదం చెప్పిన రోజుల్లోనే మన అమ్మలు నాట్లకు, కలుపుకు, పత్తి తీతకు పోయేవారు. నెలలు నిండినా పోయేవారు. ఇప్పటికీ పోతున్నారు.

2017లో ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచారు. అది ఫ్యాక్టరీలు, గనులు, ప్లాంటేషన్లు, కనీసం పది మంది పనిచేసే సంస్థలకే. ఇవాళ ఒక ఆసామి చేలో, రేపు ఇంకొకరి చేలో దిగే కూలీ తల్లి సెలవు ఎవరినడగాలి? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు కనీసం 6,000 రూపాయలివ్వాలంది. మాతృ వందన పథకం తొలి కాన్పుకు ఇచ్చేది 5,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే మళ్లీ సాయం.

1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజన బిల్లును సమర్థిస్తూ, తల్లి విశ్రాంతి దేశానికి మేలని, ఆ భారం ప్రభుత్వమూ మోయాలని అంబేద్కర్ వాదించారు. దాదాపు వందేళ్లయింది. కూలీ తల్లికీ 26 వారాల కనీస వేతనం ప్రభుత్వమే చెల్లించాలి. అదే మన డిమాండ్.