అమ్మ గాయానికి బిడ్డ మందు కాదు

కష్టంలో ఉన్న ఆడమనిషికి మన ఇళ్లలో చెప్పే మాట ఒకటుంది: "పిల్లల మొహం చూసి మర్చిపోవే తల్లీ." మొగుడు కొట్టినా, చిన్నప్పుడు అయినవాడే చెయ్యి వేసినా, పని ఇప్పిస్తానన్నవాడు వాడుకుని వదిలేసినా ఇదే సలహా. చెప్పే అత్తలూ పిన్నులూ చెడ్డవాళ్లు కారు. వాళ్లకు వాళ్ల అమ్మలు ఇచ్చిన మందు అదొక్కటే. కానీ ఆ మాటతో రెండు అన్యాయాలు జరుగుతున్నాయి. తల్లికి తన బాధ చెప్పుకునే దారి మూసుకుపోతుంది. తల్లిని బతికించే పని బిడ్డ నెత్తిన పడుతుంది. మొదటిదాని గురించి అప్పుడప్పుడైనా మాట్లాడుకుంటున్నాం. రెండోది మన కంటికి ఆనడమే లేదు.

అమ్మంటే ఎలా ఉండాలో మనకు సగం నేర్పింది సినిమా. ఆ సినిమా అమ్మల్లో చాలామంది పుట్టేది జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల స్టూడియోల్లోనే. తెరమీది అమ్మ కుట్టుమిషను తొక్కుతుంది, పస్తులుంటుంది, కొడుకు గెలిచిన రోజున పడ్డదంతా మర్చిపోతుంది. ఆ అమ్మను ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడదు. రాత్రి మూడింటికి లేచి తలుపు గడియ పడిందో లేదో మళ్లీ చూసుకోదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చెవులు మూసుకోవాలనిపించదు. నిజం అమ్మల్లో ఎంతోమందికి ఇవన్నీ ఉంటాయి. చెబితే చెడ్డతల్లి అంటారని చెప్పరు.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి దిగువకు వస్తే కృష్ణానగర్. తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టులు కంపెనీ బండి కోసం రోడ్డు మీద నిలబడే చోటు. అక్కడ ఒక్క గదిలో కొడుకుతో ఉంటున్న ఒకావిడ నాకు కొన్నాళ్లుగా తెలుసు. కాపురంలోనూ, ఆ తర్వాత పనిలోనూ ఆమె పడ్డవి ఇక్కడ రాయను. అవి ఆమెవి. నేను చూసినంతవరకే రాస్తాను. ఒకరోజు ప్యాకప్ అయ్యి ఆమె ఇల్లు చేరేసరికి రాత్రి పది దాటింది. పక్కింటి అవ్వ దగ్గరున్న కొడుకు అడుగుల చప్పుడు విని గుమ్మంలోకి వచ్చాడు. రెండో తరగతి పిల్లాడు. ఎగిరి మీద పడలేదు. ముందు తల్లి మొహంలోకి చూశాడు. మేకప్ తుడిచీ తుడవని మొహం అది. ఆమె చెప్పులు ఎలా విడిచిందో, సంచి ఎలా పెట్టిందో కూడా చూశాడు. లోపలికి పోయి గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె తాగి "ఏంట్రా కన్నా" అన్నాక గానీ, వీపు వెనక దాచుకున్న డ్రాయింగు పుస్తకం ముందుకు రాలేదు.

"ఎంత బుద్ధిమంతుడో చూడు బిడ్డా" అంది అవ్వ మురిసిపోతూ. నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది. ఏడేళ్లకే వాడు తల్లి మనసుకు కాపలా కాస్తున్నాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "వీడేడిస్తే నా చేతులు చల్లబడిపోతాయక్కా. కొట్టేస్తానేమోనని బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంటా" అని చెప్పింది. నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. ఆమె పెరిగిన ఇంట్లో చెయ్యి లేవకముందు అలా పక్కకు పోయిన పెద్దమనిషి ఒక్కరూ లేరు. ఆ గడియ పెట్టుకోవడం ఆమెకు ఎవరూ నేర్పలేదు. తనంతట తాను మొదలుపెట్టింది. కోలుకోవడం అక్కడే మొదలైంది.

"మర్చిపో" అన్న సలహా ఎంత తప్పో 1975లోనే ఒకావిడ రాసింది. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన సెల్మా ఫ్రైబర్గ్, తన సహచరులతో కలిసి, పసిబిడ్డలకు దగ్గర కాలేకపోతున్న తల్లుల ఇళ్లకు వెళ్లి వాళ్లతో కూర్చునేది. ఒక తల్లికి పక్కనే తన బిడ్డ ఏడుస్తున్నా చెవికెక్కేది కాదు. ఆ తల్లి చిన్ననాటి ఏడుపును ఎవరూ విననేలేదు. వినేవాళ్లు దొరికి, ఆమె తన కోసం తాను ఏడ్చాక, బిడ్డను తీసుకుని గుండెకు హత్తుకుంది. ఫ్రైబర్గ్ తేల్చింది ఇదీ: జరిగిన సంగతితోపాటు అప్పటి భయాన్ని, బాధను కూడా గుర్తుంచుకున్న తల్లులు దాన్ని పిల్లలకు అందించరు. సంగతి గుర్తుండి, బాధను మాత్రం లోపలికి తొక్కేసినవాళ్ల ఇళ్లలోనే అది మళ్లీ మొలుస్తుంది. మనం మర్చిపొమ్మంటున్నది సరిగ్గా ఆ బాధనే.

అయితే గాయపడ్డ తల్లి పూర్తిగా కుదుటపడ్డాకే మంచితల్లి అవుతుందనుకుంటే అదీ పొరపాటే. తల్లీబిడ్డల మాటామంతీని ఏళ్ల తరబడి వీడియో తీసి పరిశీలించిన ఎడ్వర్డ్ ట్రోనిక్ చూసింది వేరు. ఏ చీకూచింతా లేని తల్లులు సైతం బిడ్డతో సరిగ్గా శ్రుతి కలిసేది మూడోవంతు సమయమే. మిగతాదంతా తప్పడం, మళ్లీ కలవడం. బిడ్డను నిలబెట్టేది ఆ మళ్లీ కలవడమే. మన ఇళ్లలో ఇదే కరువు. పిల్లల దగ్గర పెద్దవాళ్లు తగ్గడమేమిటని మన పెంపకం. అరిచాక అన్నం కలిపి పెట్టి ఊరుకుంటాం. "నాకు వేరే భయం వచ్చి అరిచాను నాన్నా, నువ్వేం చెయ్యలేదు" అని నోరు తెరిచి చెప్పం. ఆ ఒక్క మాట చెబితే బిడ్డ కాపలా దిగుతాడు. తల్లి మనసు బాగుచెయ్యాల్సింది తాను కాదని వాడికి తెలుస్తుంది.

మరి బాగుచెయ్యాల్సింది ఎవరు? ఇక్కడ ఫిల్మ్‌నగర్ తన మొహం తాను చూసుకోవాలి. 2018 ఏప్రిల్‌లో, పరిశ్రమలో ఆడవాళ్లను వాడుకుంటున్నారంటూ నటి శ్రీరెడ్డి ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసనకు కూర్చుంది. ఆమె పద్ధతి మీద ఎవరి అభిప్రాయం వాళ్లకు ఉండొచ్చు. కానీ మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ మొదట చేసింది ఆమెకు తలుపులు మూయడం. కొద్దిరోజులకే ఆ నిషేధం ఎత్తేసింది. ఆ మరుసటి నెలే, మే 9న, నటి సావిత్రి జీవితకథతో 'మహానటి' విడుదలైంది. ఆరు నెలల పసికందుగా తండ్రిని పోగొట్టుకుని, పెదనాన్న ఇంట పెరిగి, ఇద్దరు బిడ్డల తల్లై, చివరికి కోమాలో నెలల తరబడి ఉండి 1981 డిసెంబరు 26న వెళ్లిపోయిన సావిత్రి కోసం జనమంతా కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ కన్నీళ్లు నిజమైనవే. పోయిన తల్లి కోసం ఏడ్చే మనసు, బతికున్న ఆడవాళ్లు నోరు విప్పినప్పుడూ ఉండాలి.

ఆ తర్వాత 2019లో, పరిశ్రమలో స్త్రీలు పడే వేధింపుల మీద తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. పరిశ్రమలోని స్త్రీలు అదే ఏడాది 'వాయిస్ ఆఫ్ విమెన్'గా కూడారు. లైంగిక వేధింపుల మీద ఉపసంఘం నివేదిక 2022లో ప్రభుత్వానికి చేరింది. 2024 ఆగస్టులో కేరళలో మలయాళ సినిమా స్త్రీల స్థితి మీద హేమ కమిటీ నివేదిక బయటికి వచ్చాక, ఇక్కడి నివేదికనూ బయటపెట్టమని నటి సమంత అడగాల్సి వచ్చింది. రెండేళ్లపాటు ఆ కాగితాలు మూసి ఉంటే, అందులో తమ బాధ చెప్పుకున్నవాళ్లకు ఏమని అర్థమవుతుంది? ఇంట్లో పిన్ని చెప్పిన మాటే సర్కారూ చెప్పినట్టు అర్థమవుతుంది.

ఈ చెప్పుకోలేని బాధ సినిమావాళ్లది మాత్రమే కాదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చువేసిన లెక్క ప్రకారం, బాలింతల్లో దాదాపు 22 శాతం మందిలో డిప్రెషన్ కనిపిస్తుంది. అయిదుగురిలో ఒకరు. కృష్ణానగర్ నుంచి ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఎంతో దూరం లేదు, ఆటోలో పోవచ్చు. అయినా పోరు. ఎర్రగడ్డ పేరును హాస్యనటుల నోట తిట్టుగా పెట్టి నవ్వించిన సినిమాలు ఇక్కడే తయారయ్యాయి. ఆ పేరు వింటేనే పరువు పోతుందని భయపడే తల్లి ఓపీ చీటీ కోసం వరుసలో ఎలా నిలబడుతుంది? మాటలు రాసేవాళ్లకు నా మనవి: ఆ జోకు ఇక మానండి.

గడప దాటలేని తల్లికి ఇంట్లోంచే మాట్లాడే దారి ఉంది. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. డబ్బు అక్కర్లేదు, ఏ వేళైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంకా దెబ్బలు తింటున్నవాళ్లకు మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది, హైదరాబాదులో 2016 నుంచి నడుస్తున్న భరోసా కేంద్రం ఉంది. ముందు దెబ్బలు ఆగాలి. భయంలో బతుకుతున్న తల్లికి ఏ వైద్యమూ పట్టదు. ఈ నంబర్లు ప్రతి మేకప్ గదిలో, ప్రతి కంపెనీ బండిలో అంటించడానికి అయ్యే ఖర్చెంత?

చివరిగా, పని వేళల సంగతి. దీపికా పదుకొణె ఎనిమిది గంటల పని అడిగారన్న వార్తల మీద 2025లో పెద్ద రభసే జరిగింది. ఒక తార అడిగితేనే అంత రభసైతే, రోజువారీ బేటా మీద బతికే జూనియర్ ఆర్టిస్టు అడగగలదా? 50 మంది, అంతకుమించి పనిచేసే చోట శిశుసంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. రోజుకో సెట్టుకు తిరిగే తల్లి ఆ లెక్కలోకి రాదు. ఆమెను లెక్కలోకి తేవడం నిర్మాతల మండలి, ఛాంబర్ తలుచుకుంటే అయ్యే పని. కృష్ణానగర్‌లో, షూటింగుల సమయానికి తగ్గట్టు రాత్రి పదకొండు దాకా తెరిచి ఉండే పిల్లల కేంద్రం ఒకటి పెట్టాలి. అక్కడే వారానికి రెండు రోజులు తల్లులతో మాట్లాడేందుకు కౌన్సెలరు కూర్చోవాలి. తల్లి చెప్పుకుంటుంటే వినడానికి ఒక పెద్దమనిషి, ఆ గంటసేపు బిడ్డ ఆడుకోవడానికి ఒక చోటు, రెండూ ఒకే కప్పు కింద ఉండాలి. అమ్మ పాత్ర మీద ఇన్ని దశాబ్దాలు సంపాదించిన పరిశ్రమ ఇంతమాత్రం బాకీ ఉంది. ఛాంబర్ దీన్ని ఈ ఏడాదే తీర్చాలి.