పేకాట యాప్‌కు ధర ఎలా కట్టాలి?

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో ఆపేసింది. ఆంధ్రప్రదేశ్ ఆపింది 2020 సెప్టెంబరులో. ఆ మూడేళ్లూ తిరువూరు లాంటి సరిహద్దు ఊళ్లలో ఒకే ఫోను రెండు రకాలుగా నడిచింది. పెనుబల్లి వైపు వెళ్తే యాప్ లొకేషన్ చూసి డబ్బాట తెరవనిచ్చేది కాదు. వెనక్కి తిరిగి పొలిమేర దాటితే మళ్లీ తలుపు తెరుచుకునేది. ఈలోగా అప్పులపాలైన కుటుంబాల కథలు జిల్లా పేజీలకు ఎక్కుతూనే ఉన్నాయి. 2020 అక్టోబరులో ముఖ్యమంత్రి జగన్ 132 వెబ్‌సైట్లు, యాప్‌లను అడ్డుకోవాలని కేంద్రానికి లేఖ రాశారు.

ఇంత చర్చలోనూ ఆ యాప్ డబ్బు ఎలా తీసుకుంటోందని అడిగినవాళ్లు తక్కువ. అసలు కీలకం అక్కడే ఉంది.

డబ్బాట యాప్ డౌన్‌లోడ్‌కు పైసా అడిగేది కాదు. ఆటాటకూ కోత వేసేది. రమ్మీలో దాన్ని ప్లాట్‌ఫాం ఫీజు అన్నారు, పోకర్‌లో రేక్ అంటారు. ఆరుగురు తలో వంద వేసి కూర్చున్నారనుకుందాం. కోత పది శాతమైతే గెలిచినవాడి చేతికి వచ్చేది 540, యాప్‌కు 60. అలా పది ఆటలు తిరిగేసరికి 600 రూపాయలు, అంటే ఆరుగురూ మొదటి ఆటకు తెచ్చిన సొమ్మంతా, బల్ల మీద నుంచి వెళ్లిపోయినట్టే. ఓడినవాడు ఎలాగూ వంద పోయిందనే అనుకుంటాడు. గెలిచినవాడు ఆ సంతోషంలో అరవై లెక్కపెట్టడు. పక్కవాడికంటే కాస్త బాగా ఆడితే చాలదు, కోతను మించి బాగా ఆడాలి. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పరు. ఆ పైన 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు వేసే మొత్తం మీదే 28 శాతం జీఎస్టీ పడింది. అంతకుముందు కంపెనీలు కోత మీద 18 శాతమే కట్టేవి.

ఆడించేవారు ఎలా డబ్బు తీసుకోవచ్చన్న ప్రశ్న తెలుగు నేల మీద దాదాపు అరవై ఏళ్ల కిందటే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన ఆ కేసును అందరూ ఒక్క ముక్కకే గుర్తుపెట్టుకున్నారు: రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట. కానీ తీర్పులో జస్టిస్ హిదయతుల్లా క్లబ్బు వసూలు చేసే రుసుములను కూడా పరిశీలించారు. బిలియర్డ్స్‌కూ టెన్నిస్‌కూ రుసుము ఉన్నట్టే పేకకూ ఉండొచ్చు, అది అతిగా ఉండకూడదన్నారు. రాత్రి పొద్దుపోయాక ఆడితే అదనంగా తీసుకోవడాన్నీ తప్పుపట్టలేదు, పనివాళ్లకూ దీపాలకూ ఖర్చవుతుంది కాబట్టి. పందెపు ఆట మీద నిర్వాహకుడు లాభం తీస్తున్నాడని తేలితే మాత్రం నేరమేనన్నారు. నైపుణ్యం అన్న మాటను పట్టుకుని వ్యాపారం కట్టినవాళ్లు ఈ రెండో మాటను పక్కన పెట్టేశారు.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనను పక్కకు నెట్టింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. నడిపేవారికి మూడేళ్ల వరకూ జైలు, కోటి రూపాయల వరకూ జరిమానా. హైదరాబాద్‌లో పుట్టిన ఏ23 నుంచి పోకర్‌బాజీ దాకా డబ్బాటలు ఆపేశాయి. చట్టాన్ని సవాలు చేస్తూ ఏ23 కోర్టుకు వెళ్లింది. ఐతే ఇదే చట్టం సోషల్ గేమ్‌లకు ఒక దారి వదిలింది. చందాగానో, ఒక్కసారి కట్టే ప్రవేశ రుసుముగానో డబ్బు తీసుకోవచ్చు, అది పందెం కాకూడదు. ధర ఏ రూపంలో ఉందన్నదే గీత అయింది. ఇది సరైన గీత.

ఆ గీతకు లోబడి తిరువూరులో ఒక కుర్రాడు పోకర్ నేర్పే యాప్ తయారుచేశాడనుకుందాం. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద మూడు చూపిస్తే గెలిచే అవకాశం ఎంతో లెక్కగట్టి చెబుతుంది. మన దగ్గర పదమూడు ముక్కలాట తెలిసినంతమందికి పోకర్ తెలియదు. కొనేవాళ్లు కొద్దిమందే కాబట్టి నెలనెలా ఎక్కువ వసూలు చేయాలనిపిస్తుంది. విదేశాల్లో జీటీఓ విజార్డ్ లాంటి పోకర్ శిక్షణ సాధనాలు నెలకు పదుల డాలర్లు తీసుకుంటాయి. అక్కడ కొనేది ఎక్కువగా ఆటలో ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవాలనుకునేవాళ్లు. ఇక్కడ ఆన్‌లైన్‌లో ఆ దారి మూసుకుపోయింది. మిగిలేది సంభావ్యత మీద మోజున్న ఇంజినీరింగ్ విద్యార్థి. అతనికి సిద్ధాంతం ఉచితంగానే దొరుకుతోంది: ఎంఐటీ 2015లో చెప్పిన పోకర్ పాఠాలు నెట్‌లో ఉన్నాయి. యాప్ అమ్మేది సాధనను, తెలుగు వివరణను.

అందుకే ఒక్కసారి కట్టి సొంతం చేసుకునే ధరే న్యాయం. 199 రూపాయలు పెడితే గూగుల్ 15 శాతం, అంటే దాదాపు 30 తీసుకుంటుంది. పన్ను సంగతి వేరే. మిగిలింది తక్కువే, కానీ సర్వర్ ఖర్చు దాదాపు లేని లెక్కల యాప్‌కు చాలు. ఆటగాడు ఎంతసేపు ఆడాడు, ఎంత ఓడాడు అన్నదానితో తయారీదారు రాబడికి లంకె ఉండదు. చిప్స్ కట్టలు అమ్మే ఆటల్లో ఆ లంకె ఉంది. గెలిచిన చిప్స్ నగదుగా మారకపోయినా, ఓడినకొద్దీ కొనాల్సిందే. ఆ కొనుగోళ్లకు నెలవారీ పరిమితి ఉండాలి.

చందా పెట్టకుండా కుదరదంటే కనీసం దాచకూడదు. ఆటోపే కోతకు 24 గంటల ముందు ఖాతాదారుకు కబురు చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. చివర్లో ధర పెంచడాన్నీ, చందా రద్దును కష్టతరం చేయడాన్నీ 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మోసపు ఎత్తుల జాబితాలో చేర్చింది. పేక యాప్‌ల విషయంలో ఆ జాబితాను పట్టించుకోవాల్సిన మొదటి చోటు ప్లేస్టోర్ పేజీ. ఏడాదికి మొత్తం ఎంతవుతుందో, రద్దు ఎక్కడ నొక్కాలో డౌన్‌లోడ్ బటన్ పక్కనే తెలుగులో కనిపించాలి.