పెరటి పూలు, ఇంటి పలుకులు

వేలూరు, గుడియాత్తం పట్టణములలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబములలో పెరటి మొక్కలతోపాటు వాని తెలుగు పేర్లును తరిగిపోవుచున్నవి. 2006 నాటి చట్టముచే బడులలో తమిళము నిర్బంధ పాఠ్యమైనది. తమిళము నేర్చుట మేలే. కాని తెలుగును నిలుపు భారము ఇంటిపై మరింత పడినది.

మన మందారమును తమిళులు సెంబరుత్తి యందురు. మన చంద్రకాంత వారికి అందిమందారై. మొక్కను చూపకయే ఈ భేదమును బిడ్డకు తెలుపుట కష్టము. కనుక నర్సరీలో రంగు మాత్రమే చూచి కొనక, మన నోట పేరున్న మొక్కలను ఎంచుకొనవలెను.

శ్రావణమున బంతి విత్తినచో దీపావళి నాటికి పసుపు, నారింజ వన్నెలు విరియును. చామంతి పగటిపొద్దు తగ్గిన పిమ్మటనే మొగ్గ తొడుగును. దానిని ముందుగానే నాటి యుంచవలెను. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియు వానలకు కుండీలలో నీరు నిలువరాదు. మన తీవ్రమైన వేసవికి మల్లెయే శోభ. కనకాంబరమునకు కొంత నీడ మేలు. నందివర్ధనము, మందారము ఏడాది పొడవునను పూయును. గన్నేరు అందమైనదే గాని విషపు మొక్క. పసివారున్న యింట వలదు.

పెరడు లేనివారు వసారాలో నాలుగు కుండీలైనను ఉంచవచ్చును. వానిపై పేర్లు తెలుగు లిపిలో వ్రాసి, నీరు పోయు పనిని పిల్లలకే అప్పగింపుడు. సంఘము ఏటికొక సభ జరుపగలదు. దినదినము మాట నేర్పవలసినది ఇల్లే.